ధాత కరువులో బాప్తిస్మము ఆగిన పదిహేను నెలలు



మన తాతలను గురించి లోకము ఒక మాట అంటుంది. "వీళ్లు గంజి కోసం మతం కలిసినోళ్లు" అని. తర్వాతి కాలములో అదే మాట "పాలపొడికి, గోధుమ నూకకు కలిసినోళ్లు" అయింది. ఒకప్పుడు రచ్చకట్ట మీద అనేవారు, ఇప్పుడు ఫోన్లలో పంపుకుంటున్నారు. మన యౌవనస్థులలో కొందరు ఆ మాటకు సిగ్గుపడుతున్నారు, కొందరు కోపముతో జవాబు రాస్తున్నారు. సిగ్గూ వద్దు, కోపమూ వద్దు. ఆ మాటలో ఒక నిజమైన ప్రశ్న ఉంది, దాన్ని మొదట అడిగినది మన శత్రువులు కారు, ప్రభువే. యోహాను సువార్త 6వ అధ్యాయము తెరిచి చూడండి. అయిదు వేలమందికి రొట్టెలు పెట్టిన మరుసటి రోజు జనము సముద్రము దాటి మరీ ఆయనను వెదుక్కుంటూ వచ్చారు. మీరు నన్ను వెదికేది కడుపు నిండినందుకే అని ఆయన వాళ్ల ముఖము మీదే చెప్పాడు. అయితే ఒకటి గమనించాలి. ఆ మాట ఆయన రొట్టెలు పెట్టకముందు అనలేదు. మొదట పెట్టాడు, తర్వాత అడిగాడు.

ఈ ప్రశ్న మన తెలుగు నేల మీద అతి గట్టిగా వచ్చిన కాలము ధాత కరువు. 1876లో ధాత నామ సంవత్సరము మొదలైంది. ఆ ఏడు ముంగారు వానలు తప్పాయి, హింగారు వానలైనా వస్తాయనుకుంటే అవీ రాలేదు. అప్పటికి అనంతపురము జిల్లా అంటూ లేదు. గుత్తి, తాడిపత్రి, పెనుకొండ, ధర్మవరము, హిందూపురము అన్నీ బళ్లారి జిల్లాలోనివే. మన జిల్లా వేరైనది కరువు తీరిన తర్వాత, 1882లో. మద్రాసు రాజధానిలో కరువు అతి ఘోరముగా పట్టిన చోట్లలో బళ్లారి, కడప, కర్నూలు ముందున్నాయి. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య బళ్లారి జిల్లా జనము సుమారు అయిదో వంతు తగ్గిపోయింది. అయిదుగురున్న ఇంట్లో ఒకరు లేరు అనుకోండి. కొందరు చచ్చిపోయారు, కొందరు ఊరు విడిచి ఎత్తిపోయి మళ్లీ రాలేదు. దక్షిణ దేశమంతటా కలిపి పోయిన ప్రాణాలు 50 లక్షలకు పైనే.

రైలు లేక ఇలా జరిగిందని అనుకోవద్దు. గుత్తి మీదుగా పోయే మద్రాసు రైలుదారి 1871 నాటికే రాయచూరు దాకా కలిసింది. ధాన్యము రైల్లో వచ్చింది, స్టేషన్లలో బస్తాలు పేరుకున్నాయి. కొనడానికి కూలివాని చేతిలో డబ్బు లేదు. ప్రభుత్వము రోడ్లకు కంకర కొట్టించింది, చెరువుల మట్టి తవ్వించింది. 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి వచ్చి, ఖర్చు ఎక్కువవుతోందని, పని చేసే మనిషికి ఇచ్చే ధాన్యమును రోజుకు ఒక పౌనుకు దించాడు. అంటే 450 గ్రాములు. ఎండలో గడ్డపార పట్టే మనిషికి అర కిలో గింజలు కూడా కాదు. కార్నిష్ అనే ఆరోగ్యాధికారి ఇది మనిషిని చంపే కొలత అని పోరాడాడు. కొన్ని నెలలకు ప్రభుత్వము వెనక్కి తగ్గి మళ్లీ పెంచింది. ఈ లోపల పోయినవాళ్లు పోయారు. బతికుంటే బలుసాకు తినొచ్చు అని మనవాళ్లు ఇప్పటికీ అంటారు కదా, అది ఊరికే పుట్టిన సామెత కాదు.

మన వైపు సువార్త కరువుతోనే రాలేదు, ఇది కూడా మన పిల్లలకు చెప్పాలి. లండన్ మిషన్ సేవకుడు జాన్ హాండ్స్ బళ్లారికి వచ్చినది 1810లో. కడపలో విలియం హోవెల్ పని మొదలుపెట్టినది 1822లో. అంటే ధాత కరువుకు అరవై డెబ్బై ఏళ్ల ముందే ఈ దత్త మండలాల్లో వాక్యము వినబడుతూ ఉంది. గుత్తి, అనంతపురము, కదిరి పట్టణాల్లో మిషన్ పని బాగా బలపడినది మాత్రము కరువు తర్వాతి దశాబ్దాల్లోనే. దాన్ని దాచనక్కరలేదు.

కరువు మన పీఠభూమి దగ్గర ఆగలేదు. నల్లమల అవతల, అప్పటి నెల్లూరు జిల్లాలోని ఒంగోలు చుట్టూ కూడా అదే ఆకలి. అక్కడ అమెరికా బాప్తిస్టు మిషన్ సేవకుడు జాన్ ఎవరెట్ క్లౌ ఉన్నాడు. మేము బాప్తిస్టు సంఘానికి చెందినవాళ్లము కాము, చంటిబిడ్డల బాప్తిస్మము విషయములో వాళ్లతో మాకు ఒప్పుదల లేదు. అయినా మారుమనస్సు గురించి మాట్లాడవలసి వస్తే, పుస్తకాల్లో ఉన్న నిర్వచనములకన్నా ఆ మనిషి 1877లో చేసిన పని మాకు ఎక్కువ ఉపయోగపడింది.

క్లౌ సేవలోకి రాకముందు అమెరికాలో భూములు కొలిచే సర్వేయరు. 1866లో ఒంగోలు చేరాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో అక్కడ సంఘము ఏర్పడింది. అదే నెలలో తాళ్లకొండపాడులో 28 మంది బాప్తిస్మము పొందారు. వాళ్లను పోగుచేసినది దొర కాదు, ఆ ఊరి మాదిగ సహోదరుడు యెర్రగుంట్ల పేరయ్య. తోళ్ల వ్యాపారము మీద ఊళ్లు తిరిగిన మనిషి. తిరిగిన చోట సువార్త విని, నమ్మి, తన వాళ్లకు తానే చెప్పుకున్నాడు. ఆ ఏట కరువు లేదు, ఎవరూ గంజి పోయలేదు. గంజి మాట అనేవాళ్లకు ఈ పేరు ఒకటి చెబితే చాలు.

తర్వాత పదేళ్లకు కరువు వచ్చింది. మద్రాసు నుంచి కృష్ణా డెల్టా దాకా సముద్రపు ఒడ్డు వెంట కాలువ తవ్వించే పని ప్రభుత్వము చేపట్టింది. అప్పటి మద్రాసు గవర్నరు పేరుతో దానికి బకింగ్‌హామ్ కాలువ అని పేరు. క్లౌకు సర్వే విద్య తెలుసు కాబట్టి మూడున్నర మైళ్ల కాలువ కాంట్రాక్టు తానే తీసుకున్నాడు. తాటాకు గుడిసెలతో శిబిరము వేశాడు. తన బోధకులను మేస్త్రీలుగా పెట్టాడు. అన్ని కులాల వాళ్లూ వచ్చి తవ్వారు, అందరికీ తవ్విన మట్టిని బట్టి కూలి. మధ్యాహ్నము నీడకు చేరినప్పుడు బోధకులు వాక్యము చెప్పేవారు. ప్రయాసపడి భారము మోసేవాళ్లను ప్రభువు పిలిచిన పిలుపు (మత్తయి 11:28) మట్టి తట్ట దించి కూర్చున్న మనిషికి ఎలా వినబడి ఉంటుందో ఉపాధి పనికి పోయే మన సంఘస్థులకు మేము వివరించనక్కరలేదు.

విన్నవాళ్లు బాప్తిస్మము అడిగారు. పదులు కాదు, వందలు, వేలు.

క్లౌ ఇవ్వనన్నాడు. 1877 మార్చి నుంచి 1878 జూన్ దాకా 15 నెలలు ఒక్కరికి కూడా బాప్తిస్మము ఇవ్వలేదు. కాలువ పని ఉన్నంతకాలము, చేతిలో కూలి డబ్బు, కరువు సహాయము ఉన్నంతకాలము వద్దు అనుకున్నాడు. సంఖ్యలు పంపితే మెచ్చుకునే మిషన్ సొసైటీ అవతల ఉంది, బాప్తిస్మము అడిగే జనము ఇవతల ఉంది. మనలో ఎంతమంది సేవకులము ఆ చోట ఆగి ఉండేవాళ్లము?

ఇక్కడ మాకు లూకా 15 గుర్తుకు వస్తుంది. తప్పిపోయిన కుమారుని ఉపమానములో మనము పందులను చూస్తాము, తండ్రి పరుగును చూస్తాము, మధ్యలో 14వ వచనమును దాటిపోతాము. ఆ దేశమునకు గొప్ప కరువు వచ్చిందని అక్కడ ఉంది. వాడు పాపము తెలిసి లేవలేదు, ఆకలికి లేచాడు. వాడికి మొదట గుర్తొచ్చినది తండ్రి ముఖము కాదు, తండ్రి ఇంట్లో కూలివాళ్లకు కూడా మిగిలే రొట్టె. అంటే లోకము చెప్పినట్లు, వాడు కూడా రొట్టె కోసమే ఇంటికొచ్చినవాడు. మన కరువు నేల మీద పుట్టినవాళ్లకు ఈ సంగతి అర్థమైనంతగా, ఎన్నడూ పస్తు ఎరుగని వ్యాఖ్యానకర్తలకు అర్థము కాదేమో అని మాకు అనిపిస్తుంది. ఆకలి మనిషిని దారి పట్టించడము సిగ్గుపడే విషయము కాదు. అయితే వాడు రొట్టె అడుగుతాను అనుకుని బయలుదేరలేదు. పరలోకమునకు విరోధముగాను, నీ యెదుటను పాపము చేశానని చెప్పాలనుకున్నాడు, కొడుకు హక్కు వదులుకుని కూలివానిగా ఉంటానన్నాడు. ఆకలి వాణ్ణి లేపింది. ఒప్పుకోలు, అంటే హక్కు విడిచి తలవంచడము, ఆకలికి చేతనైన పని కాదు.

మరి తండ్రి పరుగెత్తి కౌగిలించుకున్నాడు కదా, పదిహేను నెలలు ఆగలేదు కదా, క్లౌ ఎందుకు ఆగాడు అని ఎవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్న. మా ఆలోచన ఇది. తండ్రికి కొడుకు హృదయము కనబడుతుంది, కాపరికి కనబడదు. కాపరి చూడగలిగినది ఫలమును, ఫలము కాయడానికి కొంత కాలము పడుతుంది. పైగా క్లౌ రొట్టె ఆపలేదు, బాప్తిస్మమును మాత్రమే ఆపాడు. నమ్మినవానికీ నమ్మనివానికీ కూలి ఒకటే. మందులకు, చదువుకు, బియ్యానికి వచ్చిన మనిషి చేతిలో మొదట సంతకము పెట్టించుకునే పద్ధతి ఎక్కడ కనబడినా మనము దానికి దూరముగా ఉండాలి. అది మన వాళ్లు చేసినా సరే.

1878 జూన్ నాటికి సహాయము పనులు ముగిశాయి. ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఏటి ఒడ్డున ఉన్న వెల్లంపల్లి దగ్గర జనము వేలుగా చేరారు. క్లౌ వాళ్లకు చెప్పాడు, ఇక డబ్బు లేదు, పని లేదు, ఇళ్లకు వెళ్లండి అని. మాకు డబ్బు వద్దు, బాప్తిస్మము కావాలని వాళ్లు అన్నారు. బోధకులు ఊరూరి వాళ్లను వేరుగా కూర్చోబెట్టి, తమకు తెలిసినవాళ్లను తామే విచారించి, పేర్లు రాశారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మూడు రోజుల్లో 3,536 మంది ఏటిలో దిగి బాప్తిస్మము పొందారు. 2,222 అనే సంఖ్య లోకమంతా పాకింది. ఒక్క రోజులో అంతమందికి ఎలా సాధ్యమని అనుమానపడినవాళ్లూ ఉన్నారు. ఆరుగురు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున నీళ్లలో నిలబడి, అలసినప్పుడు మారుతూ ఇచ్చారు. దొర చేతులు కాదు, తెలుగు బోధకుల చేతులు. ఆ సంవత్సరాంతానికి లెక్క 9,606 అయింది.

కూలి ఆగిన తర్వాతనే వాళ్లు వచ్చారు. మన తాతల మీద వేసిన నిందకు ఇది ఒక జవాబు. కాని ఈ వ్యాసము నిందకు జవాబు చెప్పడానికే అయితే ఇక్కడ ఆపవచ్చు. మాకు అంతకన్నా ముఖ్యముగా తోచేది ఏటిలో దిగిన తర్వాత వాళ్లు ఎలా బతకవలసి వచ్చింది అన్నది.

ఒంగోలు సంఘములో చేరేవాళ్లకు మూడు సంగతులు గట్టిగా చెప్పేవారు. ఆదివారము పని చేయవద్దు, చచ్చిన పశువు మాంసము తినవద్దు, విగ్రహాలకు మొక్కవద్దు. వినడానికి చిన్నవి. ఆ కాలపు మాదిగవాడలో నిలబడి చూడండి. ఊరి రైతుకు చెప్పులు, కపిల తోలడానికి తోలు బాన కుట్టి ఇవ్వాలి, జాతరకు డప్పు కొట్టాలి, పిలిచిన రోజు చేనికి పోవాలి. బదులుగా కళ్ళములో కొన్ని గింజలు, ఊళ్లో చచ్చిన పశువు తోలూ మాంసమూ. ఆదివారము రానంటే ఆసామికి ఎదురు తిరిగినట్టే. డప్పు కొట్టనంటే ఊరమ్మకు కీడు తలపెట్టినట్టే. అందుకే ఆ సంఘాల మొదటి ఏళ్లలో కొన్ని ఊళ్లలో బావులు మూసేశారు, సంతలో సరుకు అమ్మలేదు, కొట్టారు. ఇక చచ్చిన పశువు సంగతి. కరువు ఏళ్లలో గడ్డి లేక పశువులు వేలాదిగా పడిపోయాయి. మిగతా ఊరికి అది నష్టము, వీళ్లకు అది ఆ పూట తిండి. అటువంటి కాలములో అది తినను అన్నవాణ్ణి పట్టుకుని కడుపు కోసము కలిశాడు అంటే, మాట అన్నవాడు లెక్క సరిగా చూడలేదు.

ఒక మాట ఇక్కడ స్పష్టముగా చెప్పాలి. ఆ నియమమును కొందరు తిండిని బట్టి మనిషిని తక్కువ చేసే మాటగా తీసుకుంటారు. మనిషిని అపవిత్రపరచేది నోట పోయేది కాదని ప్రభువు చెప్పాడు. మా దృష్టిలో ఆ నియమము బలము తిండిలో లేదు, కట్టుబానిసతనములో ఉంది. చచ్చినది నీ వంతు అని ఊరు రాసిపెట్టిన భాగమును ఇక నేను తీసుకోను అనడము అది.

బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి జనము వచ్చి మేము ఏమి చేయాలని అడిగినప్పుడు (లూకా 3:10-14) ఆయన ఎక్కువ కన్నీళ్లు కార్చమని చెప్పలేదు. రెండు అంగీలు ఉంటే ఒకటి ఇవ్వమన్నాడు. సుంకరులకు నిర్ణయించిన దానికన్నా ఎక్కువ వసూలు చేయవద్దన్నాడు. సైనికులకు బెదిరించి లాక్కోవద్దు, జీతముతో తృప్తిపడమన్నాడు. ఎవరి వృత్తిలో వారికి మారుమనస్సు ఉంది. జక్కయ్య చేతిలోని లెక్కల పుస్తకము దగ్గర మారాడు.

మరి మన లెక్కల పుస్తకము ఏది? ఉపాధి హామీ పథకము దేశములో మొదలైనది మన జిల్లాలోనే, నార్పల మండలము బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. 1877లో మనవాళ్లు మట్టి తవ్వితే అది దొరల దయ, ఈ రోజు అది చట్టము ఇచ్చిన హక్కు. దేవునికి స్తోత్రము. ఆ మస్టరులో పనికి పోనివాడి పేరు ఎక్కితే, ఎక్కించినవాడు ఆదివారము కానుక సంచి పట్టుకుని తిరిగితే, అది మారుమనస్సు లేని బాప్తిస్మము. వేయని పంటకు ఇన్సూరెన్సు రాయించడము, నూటికి మూడు నాలుగు రూపాయల వడ్డీకి విధవరాలికి అప్పిచ్చి ఆమె ఇంటికే ప్రార్థనకు రావడము, కొడుకు పెళ్లికి కట్నము మాట్లాడుకుని పాస్టరు దగ్గర తారీఖు మాత్రమే చెప్పడము, ఇవన్నీ అంతే. ఒకే ఊరిలో మాల గుడి, మాదిగ గుడి అని రెండు నిలబెట్టుకుని, ఇద్దరమూ ఒకే రొట్టెలో పాలివారమని చెప్పుకోవడము మాత్రము మాకు అన్నిటికన్నా బరువుగా ఉంది. పేరయ్య ఏ వాడనుంచి వచ్చాడో ఒకసారి గుర్తు చేసుకుందాము.

ఇంకొక సంగతి మాట్లాడకుండా పోతే ఈ వ్యాసము నిజాయితీగా ఉండదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము హిందూ మతము కాక వేరే మతము అవలంబించిన దళితునికి షెడ్యూల్డు కులము హోదా లేదు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రములో బి.సి.-సి కింద 1 శాతము రిజర్వేషన్ ఉంది. ఈ కారణము చేత ఇరవై ఏళ్లుగా వెనక బెంచీలో కూర్చుని, పాట పాడి, కానుక వేసి, బాప్తిస్మము మాట వచ్చేసరికి తల దించుకునే కుటుంబాలు మన మధ్య ఉన్నాయి. వాళ్లను మేము వేదిక మీదనుంచి గద్దించము. బాప్తిస్మము పొందిన మరుసటి రోజు హోటల్లో గ్లాసు మారదు, వాడ పేరు మారదు, చట్టము మాత్రము మారిపోయింది అంటుంది. అది అన్యాయమని చెప్పడానికి మాకు భయము లేదు. అయితే పిల్లవాని సీటు కోసము ప్రభువు పేరు కాగితము మీద లేకుండా చేసుకున్న తల్లిదండ్రుల గుండెలో ఒక బరువు ఉంటుంది. ఆ బరువుతో వాళ్లు మా దగ్గరికి వచ్చినప్పుడు మేము వెంటనే పరిష్కారము చెప్పము. కూర్చుని ప్రార్థన చేస్తాము. 1878లో ఏటిలో దిగినవాళ్లకు కూడా నష్టమే ఎదురుగా ఉంది అని చెబుతాము. తొందర పెట్టము. పదిహేను నెలలు ఆగినవాడి దగ్గర మేము నేర్చుకున్నది అదే.

ఈ సంవత్సరము కూడా బాప్తిస్మము అడిగినవారిలో బోరులో నీళ్లు పడినందుకు వచ్చినవాళ్లు ఉన్నారు, జబ్బు నయమైనందుకు వచ్చినవాళ్లు ఉన్నారు. తప్పు లేదు, ఆకలి లేపిన కుమారుడు కూడా ఇంటికే వచ్చాడు. మేము అడిగేది ఒకటే, వచ్చే ఏడు ఆ బోరు ఎండిపోతే ఎలా అని. దానికి ఒక పెద్దమ్మ, "ఎండిపోతే ఏడుస్తా అయ్యగారూ, ఏడ్చేది కూడా ఈడికే వచ్చి ఏడుస్తా" అంది. ఇంకొక సహోదరుడు చాలాసేపు ఏమీ మాట్లాడకుండా ఉండి, కొన్నాళ్లు ఆలోచించుకుంటానన్నాడు. ఆ జవాబు కూడా మాకు నచ్చింది.

బాప్తిస్మపు తరగతి గురువారము రాత్రి ఎనిమిదికి, పనులకు పోయినవాళ్లు తిరిగి వచ్చాక. లూకా 3వ అధ్యాయము, 15వ అధ్యాయము చదువుకుని రండి. చదవడము రానివాళ్లు పక్కవాళ్లతో చదివించుకుని వినండి. పేరు ఇచ్చినవాళ్లు, ఇవ్వాలా వద్దా అని ఇంకా తేల్చుకోనివాళ్లు, ఇద్దరూ రావచ్చు.